ఆదవానిలో నొక బాడుగ యిల్లు

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిరి. ఆ రెండింటికి మూడవదానిని జేర్చు నధికారము నాకున్నచో, ఇల్లు కొని బాడుగకిచ్చి చూడుమని చేర్చియుందును. కట్టువారికి ఇసుక, సిమెంటు, కూలి వీని చింత చాలును. బాడుగకిచ్చువారికో నీరు, నేల, దస్తావేజులు, ఎదుటి సంసారపు కష్టసుఖములు అన్నియు తోడగును. గడచిన రెండేండ్లలో ఆదవాని పట్టణమున నేను నేర్చిన సంగతులు సోదరీమణులకు కొంత యుపకరింపవచ్చునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆదవాని యనగా నేటి ఆదోనియే. మా యింటి ముసలివారి నోట ఆ పాత పేరే వినుచు పెరిగితిని గావున నాకదియే యలవాటు.

మా సంసారపు స్థితి ముందుగా చెప్పవలెను. మా వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. పదునాలుగేండ్ల కాపురములో బదిలీల వెంట తిరిగి యేడిండ్లలో బాడుగకుంటిమి. ఒక యజమానురాలు సాయంత్ర మాఱు గంటలు కొట్టగానే నీటి మోటారు నాపివేసెడిది. మఱియొకామె గోడకు మేకు కొట్టనిచ్చెడిది కాదు. పసిబిడ్డ ఉయ్యెల కొక్కెమునకు గూడ నామె సమ్మతింపలేదు. వేఱొకచోట మా యత్తగారు వచ్చి పది దినములుండగా, నీటి ఖర్చు హెచ్చినదని బాడుగపై రెండు వందలు చేర్చిరి. ఇట్టివన్నియు నేను మనస్సులో వ్రాసికొనుచునే యుంటిని.

మా వారు 2004 సెప్టెంబరు 1వ తేదీకి తరువాత కొలువున జేరినవారు. ఆనాటినుండి చేరిన రాష్ట్రోద్యోగులకు వెనుకటి పద్ధతి పింఛను లేదు. కావున కొలువు చాలించిన నాడు ఏ గోడకానుకొని కూర్చుందుమను ప్రశ్న మాయింట తఱచు వచ్చుచుండెను.

నాకు మఱియొక వెఱపు కూడ గలదు. మా నాయనమ్మ యిరువదేండ్లకే భర్తను పోగొట్టుకొని, మఱిదిగారి యింటి వెనుక కొట్టిడిలో నలువదేండ్లు గడపినది. తిండికి లోటు చేయలేదు. కాని యా కొట్టిడి తలుపునకు లోపలి గడియ లేదని యామె చెప్పగా చిన్ననాడు వింటిని. స్త్రీకి దక్కిన యాస్తిపై స్త్రీకే సంపూర్ణాధికారమిచ్చిన హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. అప్పటికామె అడుగువారు లేక, అడుగనేరక యుండిపోయినది. మన రాష్ట్రమున 1986లో వచ్చిన సవరణ వలన పెద్దల యాస్తిలో కూతుండ్రకును భాగము కలిగెను. ఆ చట్టము పుణ్యమున మా పొలములో నా వంతు విక్రయింపగా పదునైదు లక్షలు నా చేతికి వచ్చినవి. మా యమ్మ పోవునపుడు నా మెడలో వేసిన కాసులపేరు ఒకటి యుండెను. బ్యాంకిలో కొంత నిలువయుండెను.

ఈ సొమ్మునేమి చేయవలెనను విషయమున ముగ్గురివి మూడు దారులయ్యెను. హైదరాబాదులోనున్న మా యన్న, “చెల్లెమ్మా, ఇక్కడనే యొక ఫ్లాటు కొనుము, తక్కువపడిన దానికి నేను పూచీయుండి యప్పిప్పింతును” అనెను. వాని ఫ్లాటు విలువ డెబ్బది లక్షలు. నెలకు వచ్చు బాడుగ పదునెనిమిది వేలు. ఏడాదికి రెండు లక్షల పదునాఱు వేలు, అనగా నూటికి మూడు రూపాయలు. మా వారు, “బ్యాంకిలో వేసిన నూటికి ఆఱున్నర, కుళాయి చెడదు, గోడ పగులదు” అనిరి. నేను ఆదవానిని తలచితిని. జనాభా 2011 లెక్కలకే లక్షయఱువదివేలు దాటిన పెద్దయూరు. అయినను ఇండ్ల ధరలు మావంటివారి చేతికందునట్లున్నవి. చేతికందు ధరకు దొరకు పెద్దయూరు గదా యని నా మొగ్గు అటే యుండెను.

అప్పుడు మేము ఎమ్మిగనూరులో నుంటిమి. మా వీథిలో సగము నేతవారే. తెల్లవాఱకమునుపే మగ్గముల చప్పుడు వినబడును. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన ఆ యూరి పేరు దేశమెల్ల తెలిసినది. అక్కడ నేను నేర్చిన మొదటి పాఠమొకటి కలదు. మా ప్రక్కింటి నేతగాడు బాడుగ యింటికై మూడు నెలలు తిరిగెను. గుంటమగ్గమునకు నేల త్రవ్వవలెనని వినగానే యజమానులు తలుపు మూసికొనుచుండిరి. వానికి కావలసినది నాలుగు గోడలు గాదు, పని జరుగు చోటు. అతడు ప్రతి యింట మొదట నేలను తట్టి చూచుచుండెను.

2023 కార్తీకమాసమున నొక యాదివారము నేనును మా వారును ఆదవానికి బస్సెక్కితిమి. రమారమి గంట ప్రయాణము. త్రోవకిరుప్రక్కల నల్లరేగడి చేలు, పగిలిన కాయలతో తెల్లగా నవ్వుచున్న పత్తి, ఒడినిండ పత్తి నింపుకొన్న కూలి యాడువారు. పత్తి బోరెములతో పొట్టలుబ్బిన లారీలు మాకు ముందుగా పోవుచుండెను. కొంతదూరము పోగా, గుండ్లను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆదవాని కొండలు, వానిపై కోటగోడలు కానవచ్చెను.

ఆ కోటను చూచినపుడెల్ల, ఇందెందరు కాపురముండి పోయిరో కదా యని తోచును. విజయనగర ప్రభువులకిది గట్టి దుర్గము. 1568లో బిజాపురమువారి వశమయ్యెను. వారి యేలుబడిలో సిద్దీ మసూద్ ఖాను కట్టించిన జామియా మసీదు నేటికిని చూడముచ్చటగా నున్నది. పిమ్మట మొగలాయీలు వచ్చిరి. నిజాము సోదరుడు బసాలత్ జంగు దీనిని జాగీరుగా ననుభవించెను. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొనెను. 1800లో దత్తమండలములతో పాటు కుంఫిణీవారికి సంక్రమించెను. బళ్లారి జిల్లాలోనున్న తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా కర్నూలు జిల్లాలో జేరెను. ఇంత గట్టి కోటలో నెవరును స్థిరముగా నిలువలేదు. కోట క్రింది బజారు మాత్రము నిలిచియున్నది.

బజారును నిలిపినది పత్తి. 1871 నాటికి మదరాసునుండి బొంబాయికి పోవు రైలుమార్గము ఈ మీదుగా పూర్తియగుటతో ఇచ్చటి దూదికి సముద్రపు త్రోవ దొరకెను. వర్తకమును చూచి జనులీ యూరిని రెండవ ముంబయి యని ముద్దుగా పిలుతురు. మార్కెట్టు యార్డులో పత్తి కుప్పలు, వేరుసెనగ రాసులు, ఆముదపు గింజలు; ఒకరి మాట నొకరికి వినబడనీయని బేరములు. యార్డునుండి పత్తి జిన్నింగు మిల్లులకు పోవును. అచ్చట యంత్రములు గింజను వేఱుచేయును. దూదిని అదిమి బేళ్లు కట్టుదురు. ఈ పనులలో ఆడువారు మిక్కిలిగా నున్నారు.

ఇదంతయు బాడుగ యింటికేల యని మీరడుగవచ్చును. సంగతి యంతయు నిందే యున్నది. ఆశ్వయుజ కార్తీకములనుండి మాఘ ఫాల్గుణముల వఱకు ఆదవానిలో పని సమృద్ధి. ఆ నెలలలో బాడుగ నడుగకయే తెచ్చియిత్తురు. ఎండలు ముదిరి మిల్లులు మూతపడగానే కూలివారి చేతులు ఖాళీయగును. వానలు తప్పిన యేట పశ్చిమ తాలూకాల పల్లెలనుండి జనులు మిరపకోతకు, పత్తితీతకు గుంటూరు వైపు వలసపోవుదురు. ఊరి చేతిలో పనియున్నంతవఱకే యింటి యజమాని చేతిలో బాడుగ యుండును.

బస్టాండు చెంత ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, దలాలితో కూడ ఇండ్లు చూడబోతిమి.

మొదటిది ఊరి వెలుపల క్రొత్త కాలనీలో కట్టిన యిల్లు. గులాబివన్నె రంగు, మెఱుగు బండలు, వాకిట పూలకుండీలు. చూచుటకు కన్నుల పండువుగా నుండెను. కాని లోపల తడిసున్నపు వాసన గొట్టెను. లక్కయింటిలో నడుగిడగానే ధర్మరాజునకు నేతి వాసన, లక్క వాసన తగిలిన కథ జ్ఞాపకము వచ్చి, నేను బీరువా ప్రక్కకు పోయి చూచితిని. రంగు క్రింద పగులు, తల్లివేరువలె నేలనుండి కిటికీ వఱకు ప్రాకియుండెను. నల్లరేగడి తడిసిన నుబ్బును, ఎండిన నెఱియలు విచ్చును. ఏటేట నట్లు చేయుచు పైనున్న గోడలను కదలించును. పునాదిని గట్టి నేల వఱకు దింపి, చుట్టు మొరము నింపి, పైన కాంక్రీటు పట్టీ వేసిననేగాని యట్టిచోట ఇల్లు నిలువదు. రంగుడబ్బా పగులును కప్పును గాని మాన్పదు.

రెండవది పాతపేటలోని మిద్దె. దళసరి గోడలు, గవాక్షిలోనుండి పడు వెలుగు, కాళ్లకు చల్లని నాపబండలు. అది నా మనస్సును దోచుకొన్నది. ధరయు సరసమే. క్రయపత్రముపై సంతకము చేయువారెవరని యడుగగా, నలుగురన్నదమ్ములని దలాలి చెప్పెను. “అప్పచెల్లెండ్రు లేరా?” అంటిని. ఇద్దరున్నారట, వారు పెండ్లిండ్లై పోయినవారట, వారితో పనిలేదట! నా పొలపు వంతు నాకు వచ్చిన దారియే వారికిని కలదు. వారి సంతకములు లేని యిల్లు కొనుట రేపటి వ్యాజ్యమును కొనుటయే గాక, సాటి యాడుబిడ్డల భాగమును మ్రింగుటయు నగును. వెనుదిరిగితిమి.

మూడవది కొండ చెంత, గట్టినేలపై కట్టిన రెండు వాటాల యిల్లు. ఇరువదేండ్లనాటిది, అందమేమియు లేదు. గోడలు నిలువుగా నున్నవి. ఒక వాటాలో దర్జీ కుటుంబము, రెండవ దానిలో జిన్నింగు మిల్లునకు పోవు నామె, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు. వాటాకు నాలుగేసి వేలు బాడుగ. ధర యిరువదియాఱు లక్షలని చెప్పిరి. మా వారును దలాలియు మేడపైకి పోయినపుడు ఆ మిల్లుకు పోవునామె నన్ను వంటయింటి గుమ్మమువద్ద ఆపినది.

“కొనేది మీరేనా అక్కా? ఉన్నమాట చెప్తా. ఈ బోరు సంకురాత్రి వరకే. ఆమీద మున్సిపాలిటీ నీళ్లే దిక్కు. ఎండాకాలం అవి ఎప్పుడొస్తాయో తెలియదు.”

“ఇట్లు చెప్పిన మీ యజమానికి కోపము రాదా?” అంటిని.

“వస్తే రానీ అక్కా. చెప్పకపోతే రేపు మీరొచ్చి, నీళ్లన్నీ మీరే పారబోసినారని మమ్మల్నే అంటారు గదా!”

ఆ మాటకు నాకు నవ్వు వచ్చినది. నేను విడిచివచ్చిన యేడిండ్లును జ్ఞప్తికి వచ్చినవి. ఆదవానికి త్రాగునీరు తుంగభద్ర దిగువ కాలువనుండి బసాపురపు చెఱువు నింపి తెత్తురు. కాలువ పాఱనినాళ్లలో చెఱువులోనిదే గతి. కార్తీకమున పచ్చగా నున్న యూరిని చూచి మురిసితినే గాని, ఇల్లు చూడవలసినది చైత్ర వైశాఖములలోనని యప్పుడు తెలిసికొంటిని.

నీటి సంగతి ముందుంచి బేరమాడగా ధర యిరువదినాలుగు లక్షలకు దిగెను. అనగా నామె మాట నాకు రెండు లక్షలు మిగిల్చినది. దలాలి సంతోషముతో, “అమ్మా, ఆమెను పండుగలోగా ఖాళీ చేయిస్తాను. రంగు వేయించితే ఆ వాటాకు ఆరువేలు ఎక్కడికీ పోవు” అనెను. నేనేమియు బదులు చెప్పలేదు. తిరిగివచ్చుచు మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడికి పోయితిమి. ఇల్లు వాకిలి విడిచి తిరిగిన యవధూత ఆమె. ఇప్పుడా గుడిముందు రథము లాగుదురు. ఆ మెట్లపై కూర్చుండి మా వారితో, “ఏమండీ, నిజము చెప్పినందుకు ఆమెను వెడలగొట్టినచో, రేపు మనకు నిజము చెప్పువారెవరుందురు?” అంటిని. వారు, “ఇల్లు నీ పేర వచ్చుచున్నది, ఆ మాట చెప్పవలసినదియు నీవే” అనిరి.

ఇల్లు తీసికొంటిమి. ముప్పదేండ్ల ఈసీ తీయించి చూచితిమి. 2024 ఆరంభమున రిజిస్ట్రారు కచేరిలో నా పేర క్రయపత్రము వ్రాయబడెను. స్టాంపు సుంకము నూటికి అయిదు, బదలాయింపు సుంకము ఒకటిన్నర, రిజిస్ట్రేషను రుసుము ఒకటి, మొత్తమేడున్నర, అనగా లక్షయెనుబదివేలు. రెండు వాటాల బాడుగ యేడాదికి తొంబదియాఱు వేలేగదా. ఇంచుమించు రెండేండ్ల బాడుగ ఆ కచేరి మెట్లపైననే కరగిపోయినది. అన్నియు కలిపి యిరువదియైదు లక్షల యెనుబదివేలు. పొలపు సొమ్ము పదునైదు, బ్యాంకిలోనిది నాలుగు లక్షల యెనుబదివేలు. తక్కిన ఆఱు లక్షలకు మా యమ్మ కాసులపేరు షరాబు త్రాసులోనికి పోయినది. త్రాసు పైకి క్రిందికి ఊగుచున్నంతసేపు నేను గోడ గడియారమును చూచుచు కూర్చుంటిని.

మొదటి యేటి లెక్క దాపఱికము లేక చెప్పెదను. దర్జీ కుటుంబము వేఱొక వీథికి పోగా ఆ వాటా నెలదినములు ఖాళీగా నుండెను, నాలుగువేలు పోయినవి. ఆస్తిపన్ను, మోటారు మరమ్మతు, రంగు, చిల్లర పనులు కలిసి పదునేడువేల యైదు వందలు. చేతికి మిగిలినది డెబ్బదినాలుగువేల యైదు వందలు, నూటికి మూడు రూపాయలైనను లేదు. అదే సొమ్ము మా వారు చెప్పినట్లు బ్యాంకిలో నుంచినచో లక్షయఱువదివేలకు మించి వచ్చియుండును. ఇదిగాక నీరు నిలువచేయుటకు సంపు త్రవ్వించితిని, నలువదివేలు. ఈ రెండేండ్లలో బంగారము ధర రమారమి రెట్టింపైనదని మా యన్న ఫోనుచేసినపుడెల్ల గుర్తుచేయుచునే యున్నాడు. బాడుగ యిల్లు కూర్చుండి తిను సొమ్మని యెవరైన చెప్పిన, సోదరీమణులారా, నమ్మకుడు.

ఆ వేసవిలోనే నాకు పరీక్షయు వచ్చినది. వైశాఖ జ్యేష్ఠములు రెండునెలలు మిల్లు మూతపడి, ఆమె బాడుగ యియ్యలేదు. ఫోను చేసిన “పత్తి వస్తే ఇస్తానక్కా” అనును. మూడవమాఱు కోపము పట్టలేక బస్సెక్కి పోయితిని. దారిపొడవున గట్టి మాటలు కూర్చుకొంటిని. పోయి చూతునుగదా, ఆ వీథిలో కుళాయి ముందు బిందెలు వరుస తీరియున్నవి. నా యింటిముందు మాత్రము లేవు. సంపు మూతపై పసుపు కుంకుమ పెట్టియున్నవి. రెండు వాటాలవారు దినమునకెన్ని బిందెలు తోడవలెనో ఆమెయే లెక్కకట్టి, సుద్దతో గోడపై గీతలు గీసియుంచెను. నీటి మోటారునాపిన ఆ తొలి యజమానురాలి గొంతు నా నోట రాబోయి యాగినది. నేను కూర్చుకొన్న మాటలు మింగి, మజ్జిగ త్రాగి వచ్చితిని. కార్తీకమున, అడుగకయే, ఎనిమిదివేలును కలిపి తెచ్చియిచ్చినది. అయినను ఇట్టివారే యెల్లప్పుడు దొరకుదురని నేను చెప్పజాలను. దొరకినపుడు పోగొట్టుకొనరాదని మాత్రము చెప్పుదును.

నోటిమాట చాలదని కూడ నేర్చితిని. 1960 నాటి చట్టమునకు బదులుగా మన రాష్ట్రమున 2017లో వచ్చిన అద్దె చట్టము వ్రాతపూర్వకమైన యొప్పందమును కోరుచున్నది. బాడుగ యెంత, అడ్వాన్సెంత, మరమ్మతెవరిది, ఎన్ని నెలల ముందు తెలుపవలెను అని కాగితముపై నున్నచో ఉభయులకును నిద్రపట్టును. మా కాగితములో మేకుల సంగతియు వ్రాయించితిని; ఉయ్యెల కొక్కెము వేసికొనవచ్చును.

ఇల్లు కొనదలచిన సోదరీమణులకు నా మనవి యిది. గోడల రంగు చివఱ చూడుడు. ముందు ఆ యూరివారు దేనిచే బ్రతుకుచున్నారో, ఏ నెలలలో పనియుండదో విచారింపుడు. నడివేసవిలో పోయి కుళాయి ముందు నిలువుడు. నేల నల్లరేగడియో గట్టి మొరమో ఇరుగుపొరుగుల గోడలే చెప్పును. ఆడుబిడ్డల సంతకములు లేనిదే దస్తావేజు ముట్టకుడు. వచ్చు బాడుగలో పండ్రెండు నెలలు గాక పదినెలలే లెక్కవేసికొనుడు. ఆ లెక్కకును మనస్సొప్పినచో, మీ సొమ్ముతో కొన్న యింటిని మీ పేరనే వ్రాయించుకొనుడు. నాకు నూటికి మూడు రాకపోయినను, మా నాయనమ్మకు లేని గడియ నా తలుపునకు గలదు.

మొన్న పండుగకు పట్టుచీర కట్టుకొనుచుండగా మా పాప నా బోసిమెడను చూచి, “అమ్మా, అమ్మమ్మ కాసులపేరు ఏమైంది?” అని యడిగినది.

“ఆదవానిలో ఉన్నదమ్మా. అందులో రెండు సంసారాలు కాపురమున్నాయి” అంటిని.